రెండో దిండు

పోయిన వారం సంయుక్తను గుమ్మంలో నిలబెట్టి మన దారిన మనం వెళ్ళిపోయాం. పాపం, ఆ పిల్ల ఇంకా అక్కడే ఉంది. ఎదురుగా నారాయణగూడ దమయంతి ఆంటీ, ఆంటీ చేతిలో అత్తగారి నీలం పెట్టె. ఆ పెట్టె ఇప్పుడు ఆ గుమ్మంలో ఉండకూడదు.

ఎందుకు ఉండకూడదో మరిచిపోయినవాళ్ళకూ, ఇప్పుడే వచ్చి కూర్చున్నవాళ్ళకూ నాలుగు ముక్కలు చెప్తాను. సంయుక్త అడిక్‌మెట్ పిల్ల, నారాయణగూడలో ఒక స్కూల్లో లెక్కల టీచరు. పెళ్ళయ్యాక చిక్కడపల్లిలో అత్తగారింట్లో ఉంటోంది. అత్తగారు సుహాసిని బాపట్ల వైపు మనిషి. భర్త పోయిన దగ్గర్నుంచి అశోక్ నగర్‌లో ఆడపిల్లల హాస్టల్ నడుపుతోంది. సర్కారు ఉద్యోగాల పరీక్షలకు చదివే పిల్లలందరికీ ఆవిడ వండిన పప్పుచారే దిక్కు. కొడుకు ఫణికిరణ్ ఈ నెల మొదట్లో ఉన్నట్టుండి ముగ్గురికీ శ్రీలంక టికెట్లు తీశాడు. విమానం గురువారం పొద్దున. గురువారం దక్షిణానికి వారశూల, అటు ప్రయాణం కూడదు అని అత్తగారు పంచాంగం పట్టుకు కూర్చుంది. చివరికి దారి కూడా ఆవిడే చెప్పింది. సోమవారం మంచి ఘడియ చూసి ముగ్గురి పెట్టెలూ గడప దాటించి, దక్షిణాన నారాయణగూడలో ఉన్న తన స్నేహితురాలు దమయంతి ఇంట్లో పెట్టించింది. దీన్ని ప్రస్థానం పెట్టడం అంటారు. మనిషి ఎప్పుడు కదిలినా సరే, పెట్టె సోమవారమే బయలుదేరింది కాబట్టి శూల తగలదు. షరతు ఒక్కటే. అలా వెళ్ళిన పెట్టె ప్రయాణం అయ్యేదాకా మళ్ళీ ఇంటి గడప తొక్కకూడదు, తొక్కితే ప్రయాణం చెడినట్టే.

ఇవాళ బుధవారం, పొద్దు వాలుతోంది. పెట్టె గడప ముందుంది.

"ఏంది బిడ్డా గట్ల నిలబడ్డవ్? జర పక్కకు జరుగు" అంది దమయంతి, చెంగుతో మెడ తుడుచుకుంటూ. "మీ లిఫ్ట్ మల్ల ఖరాబైందా? మూడంతస్తులు ఎక్కేసరికి పానం పోయింది."

"ఆంటీ, పెట్టె ఎందుకు తెచ్చిన్రు? రేపు పొద్దున మేమే వచ్చి తీస్కుంటమని చెప్పింది గదా అత్తమ్మ."

"గదే నేనూ ఆలోచన చేసిన. పొద్దుగాల మీరు మా గల్లీల దిగుడు, పెట్టెలు ఎక్కించుడు, గీ వయసుల సుహాసినక్కకు గా పరేషాన్ అంత ఎందుకు? మంచి ఘడియల బయట పెట్టుడైతే అయిపాయె గదా. మేమే ఇంట్ల దింపుదమని అంకుల్‌ను లేపుకొచ్చిన. నన్ను కింద దింపి రెండోదాని కోసం పోయిండు. స్కూటర్ మీద ఒక్కొక్కటే పడతది."

"లోపలికి తేవద్దాంటీ" అనబోయింది సంయుక్త. ఆ మాట నోట్లో ఉండగానే పెట్టె చక్రాలు గడప ఎక్కి ఇవతల పడ్డాయి. ఇంత ప్రేమగా ప్రయాణం చెడగొట్టినవాళ్ళను ఏమని తిడతాం? మంచినీళ్ళిచ్చింది. దమయంతి గ్లాసు ఖాళీ చేసి, ఇంటికి ఎవరో చుట్టాలొస్తున్నారని గబగబా లేచింది.

"అక్క పెట్టె నాకేం బరువు కాలే. ఒక్క చేత్తోనే తెచ్చిన. పెద్దోళ్ళు గంతే, రెండు చీరెలుంటే చాలు" అంటూ మెట్లు దిగిపోయింది.

సంయుక్త గడియారం వంక చూసింది. ఆమెకు వారశూల మీద నమ్మకం లేదు, ఆ మాటకొస్తే పంచాంగం ఏ వైపు నుంచి తెరవాలో కూడా తెలియదు. కానీ అత్తగారికి ఉంది. అత్తగారు హాస్టల్ పిల్లలకు వారానికి సరిపడా జాగ్రత్తలు చెప్పడానికి అశోక్ నగర్ వెళ్ళింది, ఏ క్షణంలోనైనా వచ్చేస్తుంది. వచ్చి హాల్లో ఈ పెట్టెను చూసిందంటే ప్రయాణం సాంతం రద్దు. అదే జరిగితే సంయుక్త తట్టుకోలేదు, ఎందుకంటే ఆమె ఇంతవరకు సముద్రం చూడలేదు.

నవ్వకండి. హైదరాబాద్‌లో పుట్టి పెరిగిన చాలామంది సంగతి ఇంతే. హుస్సేన్ సాగర్ కంటే పెద్ద నీళ్ళు ఆమె ఎరగదు. పెళ్ళయిన కొత్తలో ఫణికిరణ్ విశాఖపట్నం అన్నాడు, తర్వాత బాపట్ల అన్నాడు, ఏటా ఏదో ఒక అడ్డం వచ్చేది. ఇప్పుడు ఏకంగా దేశం మొత్తం చుట్టూ సముద్రమే. కొలంబో నుంచి గాలే అనే ఊరికి వెళ్ళే రైలు అలల పక్కనుంచే వెళ్తుందట. ఆ రైలు వీడియోను రోజూ పడుకునేముందు చూస్తోంది. వేసవి సెలవులిచ్చీ ఇవ్వగానే ఎండల్లోంచి ఎండల్లోకి పోతున్నారా అని స్టాఫ్‌రూములో ఏడిపించారు. ఏడిపించనీ అనుకుంది. నారింజ రంగు కొబ్బరిబొండాలు తాగాలి, కెరటం వెనక్కి వెళ్ళేటప్పుడు కాళ్ళ కింద ఇసుక జారుతుందంటారే, అదేమిటో తెలుసుకోవాలి.

అంకుల్‌కు ఫోన్ చేసింది. ఎత్తలేదు. స్కూటర్ మీదుంటే ఆయన ఫోన్ ఎత్తడు. మళ్ళీ చేసింది. బాల్కనీలోకి వెళ్ళి కిందికి చూసింది, లోపలికి వచ్చింది, మళ్ళీ వెళ్ళింది. వీధిలో ఆటోలూ హారన్ల మోతా తప్ప అత్తగారి జాడ లేదు. ముందు దీన్ని పక్కింటివాళ్ళ వరండాలోకైనా నెట్టేద్దామని పెట్టె పిడి పట్టుకుని గట్టిగా లాగింది. బరువుంటుందనుకుని లాగిన ఊపుకు పెట్టె గాల్లోకి లేచి ఆమె మోకాలికి తగిలింది.

రెండు చీరలున్నా ఇంత తేలిగ్గా ఉండదు. అత్తగారి కోసం ఆరు మంగళగిరి చీరలు తన చేత్తో ఇస్త్రీ చేసింది. బీపీ మాత్రల డబ్బా ఉంది, కారప్పొడి, నిమ్మకాయ పచ్చడి సీసా ఉన్నాయి. పిడి వదిలి ఒక్క నిమిషం ఆలోచించింది. పెద్దవాళ్ళ పెట్టె తెరవడం తప్పే. తప్పని అనుకుంటూనే జిప్పు లాగింది.

లోపల ఒక పాత దుప్పటి, దాని కింద ఒక దిండు.

పూల గలీబు ఉన్న దిండు. సోమవారం నుంచి ఇంట్లో రెండు దిండ్లు కనిపించడం లేదు. హాస్టల్‌కు పంపారేమో అనుకుంది, పనమ్మాయి ఎండలో వేసి మరిచిపోయిందేమో అని డాబా మీద కూడా వెతికింది. ఇదిగో, ఒకటి ఇక్కడ, పెట్టెకు కడుపు నిండినట్టు కనిపించేలా సరిగ్గా మధ్యలో ఉంది. చీరలు లేవు. మాత్రలు లేవు. పచ్చడి సీసా కూడా లేదు.

మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. సంయుక్త జిప్పు సగం లాగేసరికి సుహాసిని లోపలికి వచ్చింది.

పెట్టె నట్టింట్లో ఉంది. అత్తగారు చూసింది. సంయుక్త కేక కోసం ఎదురుచూసింది. కేక రాలేదు. సుహాసిని చెప్పులు విడిచి, కాళ్ళు కడుక్కుని, కూజాలో నీళ్ళు వంచుకుని తాగింది. అప్పుడు భయమేసింది సంయుక్తకు.

"తెరిచావా?" అంది సుహాసిని. "తెరిచావులే. జిప్పు సగంలో ఉంది."

"అత్తమ్మా, ఇదేంది? మీ చీరలేవి?"

"బీరువాలో ఉన్నాయి. నువ్వు ఇస్త్రీ చేసినవి చేసినట్టే ఉన్నాయి, మడత కూడా నలగలేదు."

"అంటే?"

"అంటే నేను రావట్లేదు."

సంయుక్త కుర్చీలో కూలబడింది. సుహాసిని ఎదురుగా నిలబడే మాట్లాడింది. ఆవిడ గొంతులో తడబాటేమీ లేదు, చాలాసార్లు లోపల చెప్పుకున్న మాటల్లా వచ్చాయి.

"ఎయిర్‌పోర్టుదాకా వస్తాను. గేటు దగ్గర పాస్‌పోర్టు ఇంట్లో మర్చిపోయానంటాను. మీరిద్దరూ ముందు వెళ్ళండి, నేను వెనకాల రేపటి విమానానికి వస్తాను అంటాను. మీరు లోపలికి వెళ్ళగానే ఆటో ఎక్కి హాస్టల్‌కి వచ్చేస్తాను. అదీ నా ప్రయాణం."

"ఎందుకు?"

"రచన తెలుసుగా, మేడ మీది గదిలో పిల్ల. పోయిన వారం నేను కూరగాయలకు వెళ్ళినప్పుడు ఎవరో ఇద్దరొచ్చి టేపు పెట్టి గదులు కొలిచారట. ఎవరు మీరని ఆ పిల్ల అడిగింది. మీ మేడం శ్రీలంక పోతున్నది గదా, గా వారంల గోడలు కొట్టి ఏసీ స్టడీ హాల్ చేస్తున్నం, మీకు చెప్పలేదా అన్నాడట అందులో ఒకడు."

"వాళ్ళను ఎవరు పంపిన్రు?"

సుహాసిని కోడలి వైపు చూసి, "ఆ ఇల్లు ఎవరి పేరు మీదుందమ్మా?" అని అడిగింది.

హాస్టల్ నడిచే ఆ ఇల్లు ఫణికిరణ్ పేరు మీద ఉంది. మామగారు పోయిన ఏడాదే, ఒక్కగానొక్క కొడుకు కదా అని, సుహాసినే దగ్గరుండి రాయించింది.

"ఫణి అట్ల చెయ్యడు" అంది సంయుక్త. అంటూండగానే ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. దసరాకు కూడా సెలవు పెట్టని మనిషి టికెట్లు తీశాడు. మనమిద్దరమే పోదామా అని ఆశగా అడిగితే, అమ్మ లేకుండా కుదరదు, అమ్మ రావలసిందే అన్నాడు. ఎంత మంచి కొడుకో అని ఆ రాత్రి తను మురిసిపోయింది. నేనూ మొదటి భాగాల్లో అతన్ని తెగ మెచ్చుకున్నాను, మీరు మరిచిపోయి ఉండరు.

"వాడు చెడ్డవాడు కాదు" అంది సుహాసిని. "నాకు మోకాళ్ళ నొప్పులని వాడి బాధ. పొద్దున్నే అంతమందికి ఉప్మా చేయడం చూడలేకపోతున్నాడు. ఎదురుగా అడిగితే నేను ఒప్పుకోనని, నన్ను సముద్రం ఒడ్డున కూర్చోబెట్టి ఇక్కడ పని కానిచ్చేద్దామనుకున్నాడు. తిరిగొచ్చి చూసుకుని నాలుగు రోజులు ఏడుస్తాను, ఆ తర్వాత అలవాటు పడతానని లెక్క. మోకాళ్ళు నావి కదమ్మా? వద్దనుకుంటే నేను అనుకోవాలి. వచ్చే నెల వాళ్ళకు పరీక్ష. ఇప్పుడు సామాన్లు రోడ్డు మీద పెడితే ఈ ఎండల్లో గది కోసం తిరుగుతారా, చదువుకుంటారా? రచనకు ఇదే ఆఖరి ప్రయత్నం. ఇది కూడా పోతే ఇంటికి రమ్మన్నాడు వాళ్ళ నాన్న."

సంయుక్తకు ఏడుపు, కోపం కలిసి వచ్చాయి. కోపమే ముందు బయటపడింది.

"నాకు చెప్పొచ్చు గదా! మీరిద్దరు తల్లీకొడుకులు ఒకళ్ళను ఒకళ్ళు మోసం జేసుకుంట ఆడుతున్నరు. నడుమ నేనేంది? పిచ్చిదాన్నా? మీ చీరలు ఇస్త్రీ చేసిన, పొడులు దంచిన, మూడు రోజుల నుంచి ఇంట్ల దిండ్లు దేవులాడుతున్న!"

"నీకు చెప్తే నువ్వు ఆగిపోతావు."

"ఆగిపోకుంటే మరి?"

"అందుకే చెప్పలేదు. నువ్వు వెళ్ళాలి." సుహాసిని మొదటిసారి కూర్చుంది, కోడలి పక్కనే. "ఆ రైలు వీడియో ఎన్నిసార్లు చూశావో నాకు తెలుసు. గోడ అవతల నుంచి అలల చప్పుడు వినిపిస్తుంది నాకు. మా ఊళ్ళో పడుకున్నట్టే ఉంటుంది." చీర కుచ్చిళ్ళు సర్దుకుంది. "నాకోసం ఒక్క పని చెయ్యి. వాణ్ని విమానం ఎక్కించు. వాడు ఇక్కడ లేకపోతే హాస్టల్ తాళాలు ఎవడి చేతికీ వెళ్ళవు. ఆ పిల్లల పరీక్ష అయ్యేదాకా నేను గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంటాను. వాడు ఎక్కితే చాలు. మిగతాది నేను చూసుకుంటాను."

సంయుక్త ముక్కు తుడుచుకుంది. ఎక్కించడం ఎంతసేపు? ఫణికిరణ్ ప్రయాణానికి తనకంటే ఎక్కువ హుషారుగా ఉన్నాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో మొట్టమొదటిసారి తన పెట్టె తనే సర్దుకున్నాడు, "నువ్వు ముట్టకు, నాది నేను చూసుకుంట" అని. ఆ సంగతి దమయంతి ఆంటీకి కూడా గొప్పగా చెప్పింది. సోమవారం పొద్దున, మంచి ఘడియ కంటే ముందే జిప్పు వేసి పెట్టాడు.

"నేను ఎక్కిస్త" అంది. "మీరు గేటు దగ్గర పాస్‌పోర్టు మర్చిపోండి. నేను చూసుకుంట."

సుహాసిని ఆమె చెయ్యి పట్టుకుని నొక్కింది. అప్పుడే మెట్ల మీద నుంచి దమయంతి భర్త రాఘవేందర్ అంకుల్ గొంతు వినిపించింది.

ఆయన మోకాళ్ళు సుహాసిని మోకాళ్ళ కంటే అన్యాయం. తనొక్కడే మూడంతస్తులు ఎక్కాలన్నా ప్రతి మలుపులో ఆగి, గోడ పట్టుకుని, ఆ బిల్డింగు కట్టినవాణ్ని తిట్టుకుంటూ వస్తాడు. ఇవాళ ఫోన్లో ఎవరితోనో క్రికెట్ ముచ్చట్లు చెప్పుకుంటూ, ఒక చేత్తో ఫణికిరణ్ నల్ల పెట్టె ఊపుకుంటూ గుమ్మంలోకి వచ్చాడు. ఆయాసం లేదు. చెమట కూడా లేదు.

"ఇగో బిడ్డా, మీ ఆయన పెట్టె. మంచిగ సర్దుకున్నడు పోరడు, పూలబుట్ట లెక్కున్నది" అంటూ గడప ఇవతల పెట్టి, నీళ్ళడిగి వరండాలో స్టూలు మీద కూర్చున్నాడు.

సంయుక్త నీళ్ళిచ్చింది. తిరిగి వస్తూ పెట్టె పిడి పట్టుకుని కొంచెం పైకెత్తింది. దించింది. మళ్ళీ ఎత్తింది. ఆమె ముఖం చూసి సుహాసిని "ఏమైందే?" అంది. సంయుక్త పెట్టెను పడగ్గదిలోకి తీసుకెళ్ళి తలుపు దగ్గరికి వేసింది.

ఇక్కడ చొక్కాలుండాలి. ఈత కోసం కొన్న నీలం నిక్కరు ఉండాలి. సంయుక్త జిప్పు చివరిదాకా లాగింది. పూల గలీబుతో రెండో దిండు, సరిగ్గా మధ్యలో, పెట్టెకు కడుపు నిండినట్టు కనిపించేలా ఉంది. దుప్పటి కూడా లేదు. ఆ విషయంలో తల్లికున్న పనితనం కొడుక్కి రాలేదు.

ఆమె దిండును ఒళ్ళో పెట్టుకుని మంచం మీద కూర్చుంది. ఫోన్ మోగింది. ఫణికిరణ్.

"సంయు, పెట్టెలు ఇంటికి వచ్చినయట? దమయంతాంటీ చెప్పింది. అమ్మ ఏమన్నది?"

"ఏమనలే."

"అవునా? వారశూల, గీరశూల అని గొడవ చెయ్యలేదా?" ఒక్క క్షణం ఆగాడు. "నా పెట్టె ఎవరూ తెరవలేదు గదా?"

"ఎందుకు తెరుస్తం?"

"ఊరికే. జిప్పు జర లూజున్నది, అందుకని." గొంతు సవరించుకున్నాడు. "ఇంకోటి. రేపు పొద్దున ఆఫీసు నుంచి ఫోన్ వచ్చినా రావచ్చు. వస్తే పరేషాన్ కావొద్దు. నువ్వు, అమ్మ ముందు పోండి. నేను వెనకాల ఎల్లుండి విమానానికి వస్త."

తల్లి చెప్పబోయిన అబద్ధమే, మాట పొల్లుపోకుండా. సంయుక్తకు నవ్వొచ్చింది. ఆ నవ్వు సగంలోనే ఆగి కళ్ళలోకి నీళ్ళు వచ్చాయి. సముద్రం చూపిస్తానని చెప్పి, గోడలు కొట్టించడానికి ఇక్కడే ఉండిపోయి, తనను అమ్మకు తోడుగా కట్టి పంపుతున్నాడు. తనొక్కతే నిజంగా వెళ్దామనుకుంది. మూడు పెట్టెల్లో బట్టలున్నది తన పెట్టెలోనే.

"సరే" అంది. "ఎక్కడున్నవ్?"

"చిక్కడపల్లి లైబ్రరీ దాటిన. ఐదు నిమిషాల్ల ఇంట్ల ఉంట."

ఫోన్ పెట్టేసి, దిండు పట్టుకుని హాల్లోకి వచ్చింది. నీలం పెట్టెలోంచి మొదటి దిండు తీసి, రెండూ కలిపి అత్తగారి ముందు పెట్టింది. సుహాసిని రెండో దిండు వంక చూసింది, తెరిచి ఉన్న పడగ్గది తలుపులోంచి నల్ల పెట్టె వంక చూసింది. వాడు విమానం ఎక్కితే చాలనుకున్న మనిషి మొహంలో నెత్తురు చుక్క లేదు.

"వాడూనా?" అంది మెల్లగా.

వరండాలో రాఘవేందర్ గ్లాసు కింద పెట్టి లేచాడు. లోపల ఏం జరుగుతోందో ఆయనకేమీ తెలియదు. "ఇగ ఒక్కటే మిగిలింది బిడ్డా, ఎర్రది. గది నీదే గదా? మస్తు బరువున్నది. మా పిలగాడు శ్రావణ్‌ను తోలుకొని ఇద్దరం పట్టుకొస్తం."

సంయుక్త గుమ్మంలోకి వచ్చింది. గడప తొక్కిన రెండు పెట్టెల ప్రయాణం చెడిపోయింది. ఎర్ర పెట్టె మాత్రం సోమవారం నాటి మంచి ఘడియలో దక్షిణం వైపు బయలుదేరి ఇంకా దారిలోనే ఉంది.

"వద్దంకుల్. దాన్ని అక్కడనే ఉండనియ్యండి."

"మల్ల పొద్దుగాల మీకు పరేషాన్ గదా?"

"ఏం లేదు. నేనే వచ్చి తీస్కుంట. జర తలుపు తెరిచి పెట్టమని ఆంటీకి చెప్పండి."

లోపల సుహాసిని తలెత్తింది. నేనే అంది కోడలు, మేమే అనలేదు. రాఘవేందర్‌కు కూడా ఆ తేడా తగిలినట్టుంది. "ఒక్కదానివే వస్తవా?" అన్నాడు.

"ఎందరం వస్తమో ఇంకో ఐదు నిమిషాల్ల తెలుస్తది, అంకుల్."

ఆయన తల గోక్కుంటూ మెట్లు దిగాడు. కింద ఫణికిరణ్ బైకు ఆగిన చప్పుడైంది, ఇద్దరూ పలకరించుకోవడం వినిపించింది. సంయుక్త రెండు దిండ్లూ తీసి, గుమ్మానికి సరిగ్గా ఎదురుగా ఉన్న సోఫాలో పక్కపక్కన నిలబెట్టింది. అత్తగారిని లేవొద్దని చేత్తో సైగ చేసి, తలుపు బార్లా తెరిచింది.